శెట్టిగారి ఖాళీ పెట్టెలు

హిందూపురంలో పాత్రల అంగడి నడిపిన రంగనాథశెట్టిగారు పోయిన సోమవారం ఉదయం పరమపదించారు. కబురు అందేసరికి నేను ధర్మవరంలో మగ్గం దగ్గర నిలబడి చీర కొంగు చూస్తున్నాను. ముందురోజు సాయంత్రమే ఫోనులో నవ్వుతూ మాట్లాడిన మనిషి లేరంటే మనసు ఒప్పుకోలేదు.

ఊరికి ఆయన శెట్టిగారు, మాబోటి కొందరికి పెట్టెలన్న. గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుళ్లు పేల్చే పాతకాలపు ఎయిర్ పిస్టళ్లు ఉంటాయి కదా, వాటితోపాటు అప్పట్లో వచ్చిన అసలు పెట్టెలను సేకరించడం ఆయన జీవితకాల వ్యసనం. పిస్టల్ మాత్రం ఒక్కటీ లేదు. చెక్కవీ, అట్టవీ, లోపల మఖమలు పరిచినవీ, బీరువా నిండా ఖాళీ పెట్టెలే.

"వీటితో ఏం చేసుకుంటావన్నా?" అని మొదట్లో ఎగతాళి చేశాను.

"నేనేం చేసుకుంటానప్పా. దీని పిస్తోలు యాడో ఉంటాది. అది వచ్చేదాకా చూసుకుంటాండా," అన్నారు.

అన్నట్టే, సరైన పిస్టల్ తెచ్చినవారికి పెట్టె ఇచ్చి పంపేవారు. ఏళ్ల తరబడి ఒకేచోట పడుకున్న పిస్టల్ మఖమలు మీద తన అచ్చును, తుప్పు మరకను వదిలిపోతుంది. ఆ ఆనవాళ్లు కలిస్తేనే ఆయన నమ్మేవారు.

బెంగళూరు నుంచి ఒక ధనికుడు వచ్చి బీరువా మొత్తం కావాలన్నాడు. పెట్టెల్లో ఏం పెడతారని అడిగితే, ఏమీ లేదు, హాల్లో షోకు కోసమన్నాడు. "షోకుకైతే మా అంగట్లో ఇత్తడి చెంబులుండాయి, చూడండప్పా," అన్నారు శెట్టిగారు శాంతంగా. ఆ ధనికుడు చెంబులు కొనుక్కునే వెళ్లాడు.

పెనుకొండలో సుగుణమ్మ టీచర్ అని ఉన్నారు. డ్రిల్లు మాస్టరుగా చేసిన వాళ్ల నాయన పిస్టల్ ఆమె దగ్గర తువ్వాలులో చుట్టి ఉంది. ఇల్లు మారేటప్పుడు పెట్టె పోయింది. "మా నాయన దాన్ని బయట పెట్టిందే లేదన్నా. ఇట్ల తువ్వాల్లో చూస్తే కడుపు తరుక్కుపోతాది," అన్నారామె. శెట్టిగారు మూడేళ్లు వెదికి, కదిరిలో పాతసామాన్ల అంగట్లో అలాంటి పెట్టెను పట్టుకున్నారు. మూత బందు ఊడి ఉంటే, మా ఊరి వడ్రంగితో బాగుచేయించమని నాకిచ్చారు.

అక్కడే నా తెలివి తెల్లారింది. ధర్మవరం పట్టు వ్యాపారులం, చిరిగిన గుడ్డ కనబడేలా వస్తువు ఎవరికీ ఇవ్వం. అది అమర్యాద. ఆ మాసిన మఖమలు చూసి నాకు సిగ్గేసింది. బందు వేయించి, చీరలో మిగిలిన మెరూన్ పట్టును మైదా జిగురుతో లోపలంతా అంటించి, జరీ అంచు కూడా కుదిర్చి, గర్వంగా తీసుకెళ్లాను.

శెట్టిగారు మూత తెరిచి చూశారు. "పట్టు బాగుండాదప్పా. కింద పిస్తోలు పండుకున్న గుర్తు ఉండె. అది చూస్తే కదా, టీచరమ్మ వాళ్ల నాయనదో కాదో తెలిసేది," అన్నారు. ముఖంలో కోపం లేదు. పెట్టెను బీరువాలో పెట్టి, కాఫీ తాగుదాం రమ్మన్నారు. తర్వాత ఆ ప్రస్తావన ఎన్నడూ తేలేదు. టీచరమ్మ ఎదురుపడిన ప్రతిసారీ నేనే తల దించుకునేవాణ్ణి.

పరామర్శకు వెళ్లినప్పుడు శెట్టిగారి భార్య, మా వదినమ్మ, ఆ పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. సగం మేర పట్టు లేదు. కింద మఖమలు చెక్కుచెదరకుండా ఉంది.

"ఏడాదిన్నరగా దినామూ పొద్దున పూజ అయినాక తడిగుడ్డ అద్ది, గోరంత పట్టు తీస్తాండె. నీకు చెప్పొద్దనె. నొచ్చుకుంటావంట," అన్నదామె.

అటునుంచటే పెనుకొండ వెళ్లాను. టీచరమ్మ తువ్వాలు విప్పి, పిస్టల్ పిడిని తేలిన అచ్చులో ఆనించారు. తుప్పు మరక మీద తుప్పు మరక కూర్చుంది. "మా నాయనదేనన్నా," అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జరిగిందంతా అప్పుడు చెప్పి, మిగతా సగం నేను తీసిస్తానని మాటిచ్చాను.

నిన్న మొదలుపెట్టాను. గంటసేపు కూర్చుంటే బొటనవేలి గోరంత వచ్చింది, నడుము పట్టేసింది. అంతటి సహనశీలి, అంతటి నిగర్వి ఈ మూడు ఊళ్లలో మళ్లీ నాకు తారసపడరు. ఏడాదిన్నరపాటు ఉదయం పూట నా తప్పును దిద్దుతూ, సాయంత్రం నాకే ఫోన్ చేసి "బాగుండావా అప్పా" అని అడిగిన ఆ మహానుభావుడికి ఎలా నమస్కరించాలో నాకు తెలియడం లేదు.