రమ పేరుకు పడిన దీర్ఘం

నిన్న పొద్దున నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టాడు. దాని మీద అచ్చయిన నా పేరులో రెండక్షరాలు ఎగిరిపోయాయి. ఇంటిపేరు ఎక్కడో చివర వేలాడుతోంది. "పేరు చూస్తే మీదో కాదో తెల్వలే మేడం, ఫ్లాట్ నంబర్ చూసి తీస్కున్న" అన్నాడతను. మా కోడలు ఆ పేరు పైకి చదివి పకపకా నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. తప్పు పడిన పేరు చూస్తే నాకిప్పటికీ గుండెలో ఏదో కలుక్కుమంటుంది. అందుకు కారణం ఇంతవరకు ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

తొంభైల చివరి మాట. మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో స్థిరపడ్డాం. నేను డిగ్రీ పూర్తిచేసి, టైపు నేర్చుకుని, ఏదో ఒక ఉద్యోగం దొరక్కపోతుందా అని చూస్తున్న రోజుల్లో మా అక్క భర్త, అంటే మా బావగారు, మాదాపూర్‌లో రెండు గదులు అద్దెకు తీసుకుని ఇంటర్నెట్టులో అమ్మకాల దుకాణం తెరిచారు. ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లు మా కాలనీ మొత్తానికి పదిమంది కూడా ఉండరు. మేం అమ్మేవి పేర్లు చెక్కిన స్టీలు సామాన్లు. నా ఈడు వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో పేరు లేని గిన్నె మన ఇళ్లలో ఉండేదే కాదు. పక్కింటికి కూర వెళ్లినా, పెళ్లివారింట వంటపాత్రల్లో కలిసినా, అడుగున ఉన్న పేరు చూసే ఎవరిది వాళ్లకి తిరిగి చేరేది. ఉద్యోగాల మీద ఎక్కడెక్కడో ఉన్న తెలుగువాళ్లకి తెలుగక్షరాలు చెక్కేవాళ్లు దొరకరు కదా, మనం చెక్కించి పంపుదాం అన్నది బావగారి ఆలోచన.

మా గది కిటికీలోంచి చూస్తే అప్పుడే లేచిన గుండ్రటి పెద్ద భవనం, దాని చుట్టూ ఇంకా పగలగొట్టని బండరాళ్లు కనిపించేవి. మధ్యాహ్నం రాళ్లు పేల్చే వేళకి కిటికీ అద్దాలు గడగడలాడేవి, కంప్యూటర్ మీద ఎర్రటి దుమ్ము పడేది. మాకున్నది ఒక్కటే టెలిఫోన్ లైను. ఇంటర్నెట్టు కావాలన్నా అదే, ఫోన్ మాట్లాడాలన్నా అదే. కీచుమని అరిచి అరిచి, ఎప్పటికో కనెక్షన్ అందుకున్నాక దాన్ని తెంపి ఎవరికైనా ఫోన్ చెయ్యాలంటే ప్రాణం ఉసూరుమనేది.

చెక్కే పని ఒక పెద్దాయనది. ఆయనది హఫీజ్‌పేట్. అక్కడే పుట్టి, అక్కడే సామాన్ల కొట్ల ముందు కూర్చుని పేర్లు చెక్కుతూ ముసలివాడయ్యాడు. కొండాపూర్ మీదుగా వచ్చే బస్సు దిగి, ఎర్రగుడ్డలో చుట్టిన చిన్న సుత్తీ ఉలీ తీసుకుని, వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. నేను తాతగారూ అనేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు గనక, వచ్చిన ఆర్డరు చూసి పేరు తెలుగులో చీటీ మీద రాసివ్వడం నా పని. చెక్కడం అయ్యాక ఆ చీటీని గోడకున్న ఇనపతీగకు గుచ్చేవాడు.

ఇంగ్లీషులో వచ్చిన తెలుగు పేరును మళ్లీ తెలుగులోకి తేవడం ఎంత చిక్కో ఆ ఉద్యోగంలోనే తెలిసింది. వాణి అయినా వని అయినా అక్కడ ఒకటే, బాలమ్మా బలమ్మా ఒకటే. పైగా మా వెబ్ పేజీలో పేరు రాసే గడి చిన్నది. పదిహేను అక్షరాలు దాటితే మిగతాది మింగేసేది. చిరునామా గడులూ అంతే. ఎన్ని పార్సిళ్లు ఊళ్లన్నీ తిరిగి, మనిషి దొరకలేదన్న ముద్ర వేయించుకుని మా గుమ్మానికే తిరిగొచ్చాయో!

ఒకరోజు అప్పటి మధ్యప్రదేశ్‌లో ఉక్కు కర్మాగారం ఉన్న ఊరి నుంచి ఒక ఆర్డరు వచ్చింది. ముప్ఫై కుంకుమ భరిణెలు, ప్రతి మూత మీదా ఒక్కటే పేరు, తెలుగులో. ఇంగ్లీషు అక్షరాలు నాలుగే. నేను చీటీ మీద 'రామ' అని రాసి తాతగారికిచ్చాను. ఆయన చీటీని దూరంగా పట్టుకుని చూసి, "కుంకుమ బరిణెల మీద మొగోని పేరెందుకుంటది బిడ్డా?" అన్నాడు. దేవుడి పేరేమోలెండి అన్నాను. "దేవుని పేరైతే శ్రీరామ అంటరు గద. జర ఫోన్ చేసి అడుగరాదు" అన్నాడు. ఆ పూట కనెక్షన్ దొరికి పది నిమిషాలైనా కాలేదు, తియ్యాల్సిన ఆర్డర్లు బోలెడున్నాయి. ఏం కాదు తాతగారూ, చెక్కేయండి అన్నాను. ఆయన సుత్తి అందుకున్నాడు.

ఆర్డరిచ్చినావిడ పేరు వెంకట సూర్యకుమారి. మా గడి మింగగా మిగిలింది వెంకట సూర్యకు. క్వార్టర్ నంబరులో ఆఖరి అంకె కూడా పోయింది. తెలుగు రాని ఆ ఊరి పోస్ట్‌మన్ ఆ లేని మనిషి కోసం వేరే క్వార్టర్ తలుపు తట్టి, వాళ్లెవరో మాకు తెలీదంటే తిప్పి పంపాడు. మూడు వారాల తర్వాత పార్సిల్ మా దగ్గరికే వచ్చింది. నేను చేత్తో పేరూ నంబరూ సరిగ్గా రాసి మళ్లీ పంపాను. పెట్టె విప్పి చూడాలన్న ఆలోచనే రాలేదు. పోనీ, ఈసారి చేరుతుందిలే అని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

చేరింది. పదిహేను రోజులకి ముప్ఫై భరిణెలూ ఒక ఉత్తరంతో తిరిగొచ్చాయి. ఆవిడ అక్కడ బడిలో టీచరు. ఆ పేరు ఆవిడ చెల్లెలిది. రమ. ముత్తైదువగా పోయిన ఆ చెల్లెలి సంవత్సరీకం నాడు వచ్చినవాళ్లకి పసుపు కుంకుమలతో ఇద్దామని తెప్పించుకున్నారు. మా పార్సిల్ సరిగ్గా ఆ రోజు పొద్దున, ఇంటినిండా జనం ఉండగా అందింది. ఉత్తరంలో తిట్లేం లేవు. "ముందే వచ్చి ఉంటే ఎవరికైనా చూపించి ఏదో ఒకటి చేసేదాన్ని. అందరి ముందూ పార్సిల్ విప్పాక మా అమ్మ ఆ పేరు చదివి, ఇవి మన పిల్లవి కావే అంది. ఆ రోజు ఎవరికీ ఏమీ ఇవ్వలేకపోయాం" అని రాశారు.

బావగారు ఆ ఉత్తరం పట్టుకుని నేరుగా వెనక గదిలోకి వెళ్లారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. "చూపు ఆనకపోతే చెప్పాలి కదండీ? ఇలా మనుషుల పేర్లు పాడుచేస్తే ఎలా?" అన్నారు. తాతగారు తలెత్తి తీగకున్న చీటీల వైపు చూశాడు. చెయ్యి చాపితే ఆ చీటీ అందుతుంది. ఆయన చాపలేదు. నా వైపు తిరిగి చూశాడు. ఆ చూపు ఎంతసేపు నిలిచిందో చెప్పలేను గానీ, నేను ఒక మాట అనడానికి సరిపోయినంతసేపైతే నిలిచింది. నేను వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. వెనక నుంచి బావగారి గొంతు, రేపట్నుంచి రావద్దులెండి అనడం వినిపించింది. కాసేపటికి తాతగారు ఎర్రగుడ్డ చంకన పెట్టుకుని నా పక్కనుంచే వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక చీటీ వెతికి తీశాను. నా దస్తూరీయే. రామ.

ఎందుకు చెప్పలేకపోయానని ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. అక్క ముందు చులకనవుతానని భయం, ఇంట్లో మొదటిసారి సంపాదిస్తున్న ఆడపిల్లనన్న గర్వం, రెండూ ఉన్నాయి. ఒకటి మాత్రం నిజం, ఆ క్షణంలో ఆయన గురించి నేను ఆలోచించలేదు.

నెల తిరగకుండానే కొట్లో ముప్ఫై కొత్త భరిణెలు కొని, బావగారికి చెప్పకుండా హఫీజ్‌పేట్ వెళ్లాను. స్టేషన్‌కి పోయే దారిలో ఒక సామాన్ల కొట్టు ముందు, టార్పాలిన్ నీడలో కూర్చుని ఉన్నాడు. చీటీ తీసి ఆయన ముందు పెట్టి, తప్పు నాదే తాతగారూ అన్నాను. ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు.

"నాకెరుకే బిడ్డా. నువ్వు చెప్తవేమోనని చూసిన" అన్నాడు. "నలభై ఏండ్లసంది చెక్కుతున్న. చూపు పోయిందన్న మాట ఊరంత పాయె. దానికే పరేషాన్" అన్నాడు.

సంచిలోంచి భరిణెలు తీశాను. ఆయన వాటిని చూసి, "ఎవరు ఆమె?" అని అడిగాడు. ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. పాతవి దిద్దలేమా అంటే, తక్కువైన అక్షరమైతే కలపొచ్చు గానీ స్టీలు మీద పడిన దీర్ఘాన్ని ఎవరూ తియ్యలేరన్నాడు. కొత్త మూత ఒడిలో పెట్టుకుని మొదలుపెట్టాడు. ఒక్కొక్కటీ పూర్తికాగానే నా ముందు పట్టి, "చదువు బిడ్డా" అనేవాడు. నేను 'రమ' అని చదివాకే పక్కన పెట్టేవాడు. ముప్ఫైసార్లు చదివాను. ఆఖరిది చదవడానికి ఆలస్యం చేశాను. అయినా ఆగాడు, చదివేదాకా.

లేవబోతుంటే, "మీ బావకు చెప్పినవా?" అన్నాడు. చెప్తాను తాతగారూ అన్నాను.

భరిణెలు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ముందుగా ఎస్‌టీడీ బూత్ నుంచి ఆ టీచరుగారికి ఫోన్ చేస్తే, ఇప్పుడెందుకమ్మా, ఆ రోజు వెళ్లిపోయింది కదా అన్నారు. కొన్నాళ్లకి అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది. పేరంతా పొందిగ్గా, ఒక్క అక్షరం పోకుండా రాశారు. అంతకు మించి ఏమీ రాయలేదు.

బావగారికి ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ ఉండగానే ఆ దుకాణం మూతపడింది. ఆయన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరారు, నాకు పెళ్లయింది. చాలా ఏళ్ల తర్వాత ఒక పండగనాడు భోజనాల దగ్గర ధైర్యం చేసి ఎత్తాను. "ఎవరో ముసలాయన ఉండేవాడు కదూ, పేరేంటో" అని ఆయన పెరుగు గిన్నె ఇటు జరపమన్నారు. నేను జరిపాను. మిగతాది చెప్పలేదు.

హఫీజ్‌పేట్ వైపు అప్పుడప్పుడూ వెళ్తుంటాను. ఆ కొట్టు లేదు, ఆ దారే గుర్తుపట్టలేను. ఇప్పుడు గిన్నెల మీద పేర్లెవరూ చెక్కించుకోరు; గిన్నె ఇచ్చిపుచ్చుకునే ఇరుగుపొరుగులే తగ్గిపోయారు. పార్సిళ్లంటారా, పేరు ఎలా ఉన్నా ఫోన్ నంబరును బట్టి గుమ్మంలోకి వచ్చేస్తాయి. ఇంత సుళువైనందుకు సంతోషించాలేమో. నాకు మాత్రం, ఒక పేరు కోసం పని ఆపి, ఎవరు ఆమె అని అడిగిన మనిషి మళ్లీ తారసపడలేదు. ఆయనకి నేను క్షమాపణ చెప్పుకున్నాను, నిజమే. కానీ ఆయన ఎదురుచూసింది క్షమాపణ కోసం కాదు. ఆ రోజు, ఆ గదిలో, బావగారి ముందు, చీటీ నాదండీ అన్న ఒక్క మాట కోసం.