చాయ్ తాగే తీరు

ఆ మేస్త్రీ పేరు నేనెప్పుడూ అడగలేదు. మా ఆయన పోయాక పటాన్‌చెరులో మందుల కంపెనీ గేటు ముందు చాయ్ బండి పెట్టుకున్నాను. పని కోసం వచ్చినవాళ్లకు మేస్త్రీ ముందు నా చాయ్ ఇప్పించి, తాగే తీరు చూసేవాడు. ఊదుకుంటూ తాగితే నిదానస్తుడని లోపలికి తీసుకునేవాడు. గబగబా తాగితే తొందర మనిషని వాపసు పంపేవాడు. మా తమ్ముణ్ణీ అట్లాగే పంపాడు.

"పొద్దటి సంది ఏం తినలేదన్నా, ఆకలికి తాగిండు," అన్నాను.

"పుట్టుకతోని వచ్చిన గుణం చెల్లె, ఆకలైతే మారుతదా? నన్ను సూడు. నెత్తిమీద పిడుగు పడ్డా గింతే," అని ఊదుకుంటూ తాగాడు.

ఒకనాడు లోపల మంటలు లేచాయి. నిదానస్తుడని మేస్త్రీ తనే పనిలో పెట్టిన కొడుకు లోపలే ఉన్నాడు. గేటు మూసి ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. నాకేం తోచక, పొగలు కక్కే చాయ్ అతని చేతిలో పెట్టాను. ఒక్క గుక్కలో తాగేశాడు. ఖాళీ గ్లాసును చూసుకుంటూ, "చెల్లె, నేనెసొంటోన్ని?" అన్నాడు.

గ్లాసు తీసుకుందామని చెయ్యి చాపితే, పట్టు వదల్లేదు.