మొప్పల్లో పురుగు

మా ఆయన పోయిన నాలుగో నెలలో చేపలకు జబ్బు చేసింది.

చోడవరంలో మా ఇంటి వెనక పెరట్లో పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతున్న సిమెంటు తొట్టి ఉంది. ఆయన సొంతంగా కట్టుకున్నది. ఆయనది మోటార్లు వైండింగ్ చేసే షాపు. చుట్టుపక్కల చెరకు రైతులు కాలిపోయిన పంపు మోటార్లు తెచ్చి పడేస్తే రోజంతా రాగి తీగ చుట్టేవారు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని తొట్టి గట్టు మీద కూర్చునేవారు. తొట్టిలో విశాఖపట్నం నుంచి నీళ్ల కవర్లలో తెచ్చిన కోయి అనే రంగు చేపలు పదకొండు. ఎరుపు, తెలుపు, నలుపు మచ్చలవి. ఒకటి మాత్రం ఒళ్లంతా పసుపు. పాత డ్రమ్ములో గులకరాళ్లు పోసి, దోమతెర కుక్కి, చిన్న మోటారు బిగించి నీళ్లు వడకట్టే ఏర్పాటు కూడా ఆయనే చేసుకున్నారు. నాకు వాటి సంగతి ఏమీ తెలియదు. మేత ఎంత వేయాలో ఆయన పోయాక డబ్బా మీద చదివి తెలుసుకున్నాను.

నేను ఊళ్లో ఒక చిన్న లాబ్‌లో టెక్నీషియన్ని. రక్తం తియ్యడం, స్లైడు వెయ్యడం, మైక్రోస్కోపులో చూడడం. పదహారేళ్లుగా అదే పని. ఆయన జబ్బును మొదట చూసింది కూడా నేనే.

వారం రోజులు జ్వరం తగ్గలేదు. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. షాపుకు వెళ్తూ లాబ్ దగ్గర ఆగమన్నాను. నేనే రక్తం తీశాను, నేనే స్లైడు వేశాను. చూస్తే, ఉండకూడని పెద్ద పెద్ద తెల్లకణాలు ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి ఉన్నాయి. స్లైడు జరిపినకొద్దీ అవే. ఆయన బయట బల్ల మీద కూర్చుని తలుపు సందులోంచి అడిగారు.

"ఏటుంది?"

"ఇంకా ఆరలేదు," అన్నాను.

స్లైడు అప్పటికే ఆరిపోయింది. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు. మర్నాడు డాక్టరుగారు చూసి బ్లడ్ క్యాన్సర్ అని చెప్పారు. విశాఖపట్నం తీసుకెళ్లాం. అక్కడ ఐదు వారాలు బతికారు.

పెద్దకర్మ అయిన పదిహేను రోజులకు నేను పనిలోకి వెళ్లిపోయాను. గట్టి మనిషి అని ఊళ్లో అనుకున్నారు. గట్టితనం కాదది. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ చేస్తే చెంప ఉంటుందే, గిల్లినా మనది కానట్టు, అలా ఉండేది ఒళ్లంతా. అన్నం తినేదాన్ని. బస్సు హారన్ వినబడేది. ఏదీ లోపలిదాకా వచ్చేది కాదు. మాకు పిల్లల్లేరు. ఇంట్లో మా అత్త, నేను. ఆమె కొడుకు గురించి మాట్లాడేది కాదు, నేను భర్త గురించి మాట్లాడేదాన్ని కాదు. కూరేం చెయ్యాలన్నదొక్కటే మా మధ్య మాట.

చేపల్ని ముందు గమనించింది అత్తే. ఒక ఉదయం నేను స్కూటీ బయటికి తీస్తుంటే పెరట్లోంచి వచ్చింది. చేపలు గోడకు ఒళ్లు రాసుకుంటున్నాయనీ, రెండు రోజుల నుంచి చూస్తున్నాననీ చెప్పింది. వెళ్లి చూశాను. నిజమే. ఉన్నట్టుండి ఒక చేప పక్కకు ఒరిగి, గోడకు పొట్ట రాసుకుని, మళ్లీ మామూలుగా ఈదుతోంది. గజ్జి పట్టిన గేదె స్తంభానికి రాసుకున్నట్టు. పసుపు చేప మోటారు నీళ్లు పడేచోట తలపెట్టి, నోరు తెరుస్తూ మూస్తూ నిలబడిపోయింది. రెక్కలు ఒంటికి అతుక్కుని ఉన్నాయి.

ఆయన చేపలు కొన్న విశాఖపట్నం షాపు నంబరు ఆయన ఫోన్లో ఉంది. ఫొటో తీసి పంపాను. షాపాయన ఫొటో చూసి, అది తెల్లమచ్చల జబ్బు అన్నాడు. నీలం మందూ, రాళ్లుప్పూ వెయ్యమన్నాడు. నాకు తెల్లమచ్చలేమీ కనబడలేదు. అయినా వేశాను. పరీక్ష చేయించకుండా మలేరియా మాత్రలు మింగేసి వచ్చే వాళ్లను రోజూ మందలించేదాన్ని నేనే. ఆ రోజు ఆ సంగతి నాకు తట్టలేదు. తట్టినా పట్టించుకునే ఓపిక ఉండేది కాదేమో.

నాలుగో రోజు ఒక చేప తేలింది. ఐదో రోజు ఇంకొకటి. నీలం నీళ్లలో తెల్లటి పొట్ట పైకి పెట్టి. రెండోదాన్ని ప్లాస్టిక్ కవరులో లాబ్‌కు పట్టుకెళ్లాను. మధ్యాహ్నం పేషెంట్లు లేని వేళ ఒంటి మీది జిగురు గీకి స్లైడు మీద పెట్టి చూశాను. ఏమీ లేదు. ఇంటికొచ్చి ఫోన్లో వెతికి చదివితే అర్థమైంది. చేప చచ్చిపోగానే దాని మీది పురుగులు వదిలి వెళ్లిపోతాయట. చూడాలంటే బతికున్న చేపనే చూడాలి, అదీ తీసిన వెంటనే.

ఆదివారం లాబ్ మూసి ఉంటుంది. తాళం నా దగ్గరే. ఆ ఆదివారం పొద్దున్న పసుపు చేపను వలతో పట్టి మూత ఉన్న బకెట్లో వేశాను. స్కూటీ మీద బకెట్ ఎవరు పట్టుకోవాలి? అత్త అడక్కుండానే చీర కుచ్చిళ్లు దోపుకుని వెనక ఎక్కి కూర్చుంది. బకెట్ ఒళ్లో పెట్టుకుంది. మెయిన్ రోడ్డులో చెరకు ట్రాక్టరు ఒకటి అడ్డంగా ఉంది. దాని వెనకే మెల్లగా వెళ్లాం. బ్రేకు వేసినప్పుడల్లా నీళ్లు తొణికి ఆమె చీర తడిసింది. చేప బకెట్లో కొట్టుకోవడం నా వీపుకు తెలుస్తోంది. ఎవరో పలకరిస్తే అత్త ఆసుపత్రికి అని చెప్పింది.

లాబ్‌లో తడిగుడ్డ మీద చేపను పడుకోబెట్టి పట్టుకోమన్నాను. ఆమె రెండు చేతులతో అదిమి పట్టుకుంది. మొప్ప మూత ఎత్తి, చివర గోరంత తునక కత్తిరించి, తొట్టి నీటి చుక్కలో పెట్టి పైన పల్చటి అద్దంబిళ్ల కప్పాను. చేపను మళ్లీ బకెట్లోకి వదిలింది అత్త.

మైక్రోస్కోపులో అతి తక్కువ పవర్‌లోనే కనబడ్డాయి. వెతకక్కర్లేకపోయింది. దారప్పోగులంత సన్నని పురుగులు. మొప్ప తునకను ఒక కొసతో కొక్కేల్లా పట్టుకుని, రెండో కొసను చాపుతూ ముడుస్తూ ఉన్నాయి. ముందు కొసన నాలుగు నల్లటి చుక్కలు, కళ్లు. ఒక్క తునక మీదే ఏడెనిమిది ఉన్నాయి. మైక్రోస్కోపు మీది నుంచి తల ఎత్తకుండా ఎంతసేపు చూశానో. వాటి మీద కోపం రాలేదు. జబ్బు దొరికిందన్న సంతోషమూ కలగలేదు. ఉన్నది ఉన్నట్టు కనబడుతోంది, అంతే.

అత్త తననూ చూడనిమ్మంది. స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక కన్ను మూసుకోమని చెప్పాను. కొంతసేపు ఏమీ కనబడలేదంది. తర్వాత ఇంకా ముందుకు వంగింది.

"కదుల్తన్నాది," అంది. "ఇదేటే?"

"పురుగత్తా. మొప్పల్ని పట్టుకుని కూర్చుంటాది. ఊపిరాడనివ్వదు."

"మరి మన తొట్టిలోకి ఎలాగొచ్చింది?"

ఎలా వచ్చిందో నాకు అప్పటికే తెలుసు. నెల కిందట అత్త వడ్డాది దగ్గర తన తమ్ముడి ఇంటికి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు సంచిలో తామర దుంప తెచ్చింది, బురదతో సహా. ఆ తమ్ముడి పొలం పక్క చెరువులో చేపలు పెంచుతారు. అందులోంచి తీసింది. తొట్టిలో తామర ఉంటే బాగుంటుందని కొడుకు ఎప్పుడో అన్నాడట. ఇటుక కట్టి నీళ్లలోకి దించింది. కర్మలయ్యాక ఆమె ఇష్టపడి చేసిన పని నాకు తెలిసి అదొక్కటే. కొత్తగా తొట్టిలోకి వచ్చింది ఇంకేమీ లేదు.

తెలియదు అంటే సరిపోయేది. కానీ నిజమే నోటికి వచ్చేసింది.

"తామర దుంపతో వచ్చుంటాది. ఆ చెరువులో చేపలున్నాయి కదా."

ఆమె కన్ను తియ్యలేదు. చెయ్యి మాత్రం బల్ల అంచు పట్టుకుంది.

"అయితే నానే తెచ్చేను."

"తెలిసి తెచ్చేవా ఏటి."

"తెలిస్తే ఏటి, తెలీకపోతే ఏటి. సచ్చినవి సచ్చేయి కదా." అప్పుడు కన్ను తీసి అడిగింది. "మందుందా దీనికి?"

"ఉంది," అన్నాను.

మందుందా అన్న మాట ఆ ఏడాదిలో మేమిద్దరం ఎంతమందిని అడిగామో, ఎక్కడెక్కడ అడిగామో. నేను మాత్రం దానికి జవాబు చెప్పవలసిన కుర్చీలో ఎప్పుడూ లేను. చెప్పాక ఏదో ఒకటి అనిపించాలి కదా అని ఎదురుచూశాను. అనిపించలేదు. బకెట్ మూత బిగించి ఇంటికి వచ్చేశాం.

వచ్చీ రాగానే అత్త తొట్టిలో చెయ్యి పెట్టి తామరను వేళ్లతో సహా పెకలించి ఎండలో పడేసింది. చిన్న ఆకు ఒకటి అప్పుడే విప్పుకుంది. సాయంత్రానికి ముడుచుకుపోయింది.

మందు మనుషులకు బద్దెపురుగులు పడితే ఇచ్చేదే. చోడవరంలో దొరకలేదు. మా డాక్టరుగారికి ఉన్న సంగతి చెప్పి చీటీ రాయించుకుని విశాఖపట్నం నుంచి తెప్పించాను. తొట్టి కొలతలు కట్టి ఎన్ని లీటర్లో లెక్క వేశాను. నీలం నీళ్లు సగానికి పైగా తోడి అరటి మొక్కలకు పోసి, కొత్త నీళ్లు ఒక పూట ఎండలో నిలవుంచి నింపాం. ఇరవై మాత్రలు. అవి నీళ్లలో తేలిగ్గా కరగవు. అత్త రోట్లో వేసి పిండిలా నూరింది. ఆ రోట్లో ఆ తర్వాత పచ్చడి నూరలేదు.

నూరుతూ నూరుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఆడి రగతంలోన కూడా ఇలాగే కనబడ్డాయా నీకు? పురుగులు?"

ముందు నేనే చూశానని ఆమెకు తెలుసని నాకు తెలియదు. ఆయన చెప్పారో, డాక్టరుగారి దగ్గర విందో.

"పురుగులు కావత్తా. బయట్నుంచి వచ్చినవి కావు. ఆయన కణాలే అలా అయిపోయేయి."

"ఆడివేనా?"

"ఆయనవే."

"ఎవరూ తేలేదు."

"లేదు."

పొత్రం ఆగి, మళ్లీ తిరిగింది. స్లైడు ఆరలేదని ఆయనకు అబద్ధం చెప్పిన సంగతి నేను చెప్పలేదు. అత్త పిండిని గోరువెచ్చని నీళ్లలో కలిపి, చెంబుతో తొట్టి చుట్టూ తిరుగుతూ పోసింది. తెల్లటి నీళ్లు మెల్లగా దిగి కనబడకుండా పోయాయి. రెండు రోజులు మేత వెయ్యలేదు.

మూడో రోజున ఇంకో చేప చచ్చిపోయింది, ఎర్రమచ్చలది. ముందే మొప్పలు బాగా పాడైపోయి ఉంటాయి. అత్త దాన్ని అరటి మొదట్లో పాతిపెట్టింది. మందు పని చెయ్యలేదా అని అడిగింది. పురుగులు గుడ్లు పెడతాయనీ, మందు పురుగునే చంపుతుంది గాని గుడ్డును చంపదనీ, గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగి మళ్లీ వెయ్యాలనీ చెప్పాను. కాలెండరు మీద వారం తర్వాత తేదీ చుట్టూ గీత గీసింది. ఆ మధ్య రోజుల్లో పొద్దున్నా సాయంత్రం తొట్టి దగ్గర కూర్చుని, ఏ చేప ఎన్నిసార్లు గోడకు రాసుకుందో నేను పని నుంచి రాగానే చెప్పేది. మొదటి రోజు ఆరుసార్లు. తర్వాత నాలుగు. ఒక రోజు మళ్లీ ఏడు. మేం అన్నం తింటూ ఆ సంగతే మాట్లాడుకునేవాళ్లం. కూర సంగతి కాకుండా మాట్లాడుకోవడం అప్పుడే మొదలైంది. వారం కాగానే రెండో విడత మందు వేశాం. ఆ పై వారం మూడోది.

తర్వాతి ఆదివారం మళ్లీ పసుపు చేపనే పట్టాం. మళ్లీ బకెట్, మళ్లీ స్కూటీ, మళ్లీ తడిసిన చీర. తునక తీసి చూశాను. నాలుగు మూలలా జరిపి చూశాను. పవర్ మార్చి చూశాను. ఎర్రటి మొప్ప దువ్వెన పళ్లలా శుభ్రంగా ఉంది. నాచు పోగులు రెండు, గాలిబుడగ ఒకటి. ఒక్క తునకతో నమ్మకం లేక ఒంటి మీది జిగురు కూడా గీకి చూశాను. అందులోనూ లేదు. అత్తను కూర్చోబెట్టాను. ఆమె చాలాసేపు చూసింది. నేను చూసినంతసేపూ చూసింది.

"ఏటీ నేదు," అంది.

ఇంటికొచ్చి చేపను తొట్టిలోకి వదిలింది. అది అడుక్కి వెళ్లి, మిగతా ఏడింటితో కలిసింది. అత్త గట్టు మీద కూర్చుని ఏడ్చింది. శబ్దం లేకుండా, ముక్కు చీదుకుంటూ, కొంగు తడి ఆరకముందే దాంతోనే తుడుచుకుంటూ. కొడుకు పోయాక నా ముందు ఆమె ఏడవడం అదే మొదలు. నేను పక్కన కూర్చున్నాను. నాకూ వస్తుందేమోనని కూర్చున్నాను. రాలేదు. ఎండ ఎక్కేదాకా ఉండి, లేచి డ్రమ్ములోని గులకరాళ్లు బయట పోసి కడిగాను. దోమతెరలో నెలల తరబడి పేరుకున్న బురద ఉంది. అది వదలడానికి చాలాసేపు పట్టింది. అత్త కళ్లు తుడుచుకుని వచ్చి, బిందెతో నీళ్లు పోస్తూ పక్కన నిలబడింది.