పలకని గుంజ

తౌనో హియెతలా నోటినుంచి మాట బయటికి రావాలంటే ముందు కాఫీ లోపలికి పోవాలి. చక్కెర బిళ్ళ పంటికింద నొక్కిపెట్టి, కాఫీ సాసర్లో పోసుకుని, చప్పుడు చేస్తూ పీల్చి, అప్పుడు ఒక్క మాట. మా ఊరికి వలస వచ్చిన ఫిన్లాండు వాళ్ళందరూ మాటకు పిసినార్లే గానీ, ఇతను వాళ్ళలోనే పేరు మోసిన పిసినారి. నేను ఇటలీ వాణ్ణి. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఇలాంటి మా ఇద్దర్నీ బేర్‌పాయింట్ గనిలో ఒకే జట్టుగా వేసిన ఫోర్‌మన్‌ది ఏం బుద్ధో నాకు ఇప్పటికీ తెలియదు. నేను రాతికి చిల్లులు వేసేవాణ్ణి. నా నెత్తిన రాయి పడకుండా అతను కర్రలు నిలబెట్టేవాడు.

గనిలోకి రాకముందు అతను అడవిలో చెట్లు కొట్టేవాడు. మోపు విప్పగానే గుంజ చివర వాసన చూసి, "ఇది చిత్తడినేల చెట్టు, పనికిరాదు" అని పక్కన పడేసేవాడు. మంచి గుంజని నిలబెట్టి, దాని తలకీ పై రాతికీ మధ్య చెక్కముక్క బిగగొట్టి, గొడ్డలి వెనకవైపుతో ఒక దెబ్బ వేసి చెవి ఆనించేవాడు. బరువెక్కిన గుంజ ఖంగుమంటుంది. బరువు మరీ మించితే ఎవరూ కొట్టకుండానే మూలుగుతుంది, చిటపటలాడుతుంది. గుంజ పలికింది అంటాం మేము. పలికిందంటే పరుగే, వెనక్కి చూసేది లేదు.

ఒకసారి భోజనాలప్పుడు నేను మా అత్తగారి గురించి చెబుతున్నాను. తౌనో ఉన్నట్టుండి లేచి నా కాలరు పట్టుకుని, పిల్లిపిల్లను విసిరినట్టు అవతలికి విసిరేశాడు. నేను తిట్టడానికి నోరు తెరిచేలోగా మా క్యారేజీల మీద ఇల్లంత రాయి కూలింది. దుమ్ము తగ్గేదాకా ఇద్దరం గోడకి అంటుకుని కూర్చున్నాం.

"ఊఁ. తర్వాత మీ అత్తగారేమందిరా?" అన్నాడు తౌనో.

కాబట్టి అతని కర్రల మీద ఈగ వాలినా నేనూరుకునేవాణ్ణి కాను. నేనే కాదు, షిఫ్టు మొత్తం అంతే. తౌనో తట్టి చూడని కప్పు కింద మాలో ఎవడూ అడుగు పెట్టేవాడు కాదు.

అలాంటి రోజుల్లో కంపెనీ కొత్తగా పెద్ద సొరంగం మొదలుపెట్టింది. రెండు లారీలు పక్కపక్కన పట్టేంత వెడల్పు. అందులో ఒక్క కర్ర కూడా ఉండదట. కప్పులోకి నిలువెత్తు చిల్లులు వేసి, ఇనప బోల్టులు దించి, కింద ఇనప బిళ్ళ పెట్టి బిగిస్తారట. అంతే, పని అయిపోయిందట. అవెరీ అనే కుర్ర ఇంజనీరు దీన్ని మాకు చూపించాలని గని గుమ్మం దగ్గరికి ఒక బకెట్టు తెచ్చాడు. బకెట్టు నిండా కంకర. కంకర మధ్యలో చిన్న చిన్న బోల్టులు పెట్టి, బిళ్ళలు వేసి, స్పానరుతో బిగించాడు. బిగించి, ఆ బకెట్టుని తన నెత్తిమీదే బోర్లించాడు.

చిటికెడు దుమ్ము రాలింది. కంకర ఒక్క పలుకు రాలలేదు.

జిగురు లేదు, సిమెంటు లేదు. విడివిడి రాళ్ళు, ఒకదాన్నొకటి నొక్కుకుని, తలకిందులుగా గాల్లో నిలబడ్డాయి.

"చూశారా! రాళ్ళు విడిపోకుండా నొక్కిపెడితే చాలు, వాటి బరువు అవే మోసుకుంటాయి. మనం మొయ్యక్కర్లేదు" అన్నాడు అవెరీ.

తౌనో కాఫీ గుటక మింగాడు. "బకెట్టుని మీరు పట్టుకున్నారు సార్. కొండనెవరు పట్టుకుంటారు?"

అందరూ గొల్లుమన్నారు. పాపం ఆ కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. ఆ తర్వాత కంపెనీ ఎంత మొత్తుకున్నా ఆ సొరంగంలోకి పాతవాళ్ళెవరూ పోలేదు. కుర్రవాళ్ళు వెళ్ళారు. వాళ్ళలో మొదటివాడు రీనో, అంటే తౌనో అల్లుడు. తౌనో కూతురు సిర్కాతో పెళ్ళయి ఏడాది కాలేదు.

నెల తర్వాత ఒక ఆదివారం తౌనో ఇంట్లో కాఫీకి నేనూ ఉన్నాను. యాలకుల రొట్టె ఎవరూ ముట్టుకోలేదు.

"ఆ ఇనుముకి నోరుందా? కర్ర చచ్చేముందు చెప్పి చస్తది. ఇనుము చెప్పదు. నువ్వక్కడ పనిచేస్తానంటే నా గడప తొక్కమాక" అన్నాడు తౌనో. అన్నేళ్ళలో అతను అంత పొడుగు మాట్లాడగా నేను వినలేదు.

"మామయ్యా, నెల్నాళ్ళుగా కప్పునించి చిన్న పెచ్చు కూడా రాల్లేదు. మీరొచ్చి ఓసారి చూడొచ్చుగా" అన్నాడు రీనో.

"ఏం చూడను? నా కూతురు ముండమొయ్యడం చూడనా?"

సిర్కా కాఫీ కూజా ఠపీమని బల్లమీద పెట్టింది. "నాన్నా, చాలు! నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, ఈయన పట్టినదానికీ మూడే కాళ్ళు. మధ్యలో నా ప్రాణం తోడేస్తన్నారు. వెళ్ళి ఆ సొరంగంలో నీ గుంజ నిలబెట్టు. చెరువులో మంచు కరిగేలోగా అది పలికిందా, ఈయన్ని చెవి పట్టుకుని నేనే బయటికి లాక్కొస్తా. పలకలేదా, ఇంక నువ్వు నోరెత్తకూడదు."

"మంచు పోయేదాకా మళ్ళీ ఈ ఊసెత్తకండి" అని రొట్టె కోసి మా ముగ్గురి ముందూ పడేసింది.

తౌనో ఏరి ఏరి ఒక గుంజ తీసుకున్నాడు. ఫోర్‌మన్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కొత్త సొరంగంలో, కప్పు అన్నిచోట్లకంటే తక్కువ ఎత్తున్న మలుపులో దాన్ని నిలబెట్టి, చెక్క బిగగొట్టాడు. అదే రోజు పాత సొరంగంలో అదే చెట్టు కర్రతో ఇంకొకటి నిలబెట్టాడు. ఎందుకని నేనడిగితే, "అక్కడిది అబద్ధమాడితే తెలియాలిగా" అన్నాడు.

ఆ చలికాలమంతా షిఫ్టుకి ముందు అతను మలుపులోకి పోయి గుంజని తట్టేవాడు. తోడుగా నేనూ పోయేవాణ్ణి. తల పైకెత్తితే అంత వెడల్పున బోడి రాయి, మధ్యమధ్యలో ఇనప బిళ్ళలు. కింద ఆధారమంటూ ఒక్క పుల్ల లేదు. మాకు పైన చెరువుంది, చర్చి ఉంది, మా ఇళ్ళున్నాయి. అంత లోకాన్ని నెత్తిన పెట్టుకుని ఆ చీకటి అలా ఊరికే నిలబడి ఉంది. ఇంత పెద్దదాని కింద ఇన్నేళ్ళు అత్తగారి కథలు చెప్పుకుంటూ తిరిగానా అని నాకే సిగ్గేసింది.

కానీ నేను చూసింది రాతిని కాదు, తౌనో మొహాన్ని. దెబ్బ వేసి చెవి ఆనించినప్పుడల్లా అతను ఊపిరి బిగబట్టేవాడు. గుంజ పలికితే అతను నెగ్గినట్టే. జీవితమంతా నమ్మిన కర్ర నిలుస్తుంది, పని నిలుస్తుంది. కానీ అది పలకడమంటే అల్లుడి నెత్తిన కొండ కదలడమే. పలక్కపోతే కుర్రాడు బతుకుతాడు, కర్రల మేస్త్రీలతో గనికి పని తీరుతుంది. ఏది వినాలని అతను చెవి పెడుతున్నాడో నేనడగలేదు. అడిగితే మాత్రం చెబుతాడా!

ఏప్రిల్ చివర్లో చెరువు మంచు పగిలింది. ఆ పొద్దున తౌనో ముందు నన్ను పాత సొరంగంలోకి తీసుకెళ్ళాడు. అక్కడి గుంజ తల నలిగి, పీచు విచ్చుకుని చీపురులా అయిపోయింది. దాన్ని గొడ్డలితో తాకాడో లేదో, ఖంగుమంది.

"ఇది నిజమే చెప్తంది" అన్నాడు.

అక్కణ్ణుంచి మలుపులోకి వెళ్ళాం. రీనో అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. షిఫ్టువాళ్ళు కూడా వచ్చారు గానీ, పాతవాళ్ళందరూ కొత్త సొరంగం మొదట్లోనే, పాత సొరంగం కర్రలున్నంత మేరే ఆగిపోయారు. తౌనో గొడ్డలి ఎత్తి, ఎందుకో దించేశాడు. ఉత్త చేత్తో గుంజని తోశాడు.

గుంజ కదిలింది. పైన చెక్కముక్క జారి అతని బూటు మీద పడింది. చలికాలమంతా పేలుళ్ళకి అదిరి అదిరి వదులైపోయింది. రవ్వంత బరువు పడి ఉన్నా ఇంకా బిగిసేదే గానీ వదులయ్యేది కాదు. గుంజ తల నిలబెట్టిన రోజున ఎలా ఉందో అలాగే, గీతైనా పడకుండా ఉంది.

తౌనో ఆ గుంజని పక్కకి తీసి గోడకి చేరేశాడు. దీపం పైకెత్తి ఈ చివరినుంచి ఆ చివరిదాకా కప్పుని చూశాడు. చాలాసేపు చూశాడు. ఏ ఆధారమూ లేకుండా అంత కొండ మా నెత్తిన నిలబడి ఉంది. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. గనిలో టోపీ తీసిన తౌనోని నేనెన్నడూ చూడలేదు.

"నేను మోస్తన్నాననుకున్నానురా డినో" అన్నాడు నెమ్మదిగా. "ఇన్నేళ్ళూ. దానికెంత బలముందో నాకు తెలవనే తెలవదు."

నాకు ఒక్క మాట దొరకలేదు. నాకు!

సొరంగం మొదట్లోంచి ఎవరో అరిచారు. "తౌనో! ఏమంటాంది? రావచ్చా?"

రీనో మామగారి వైపు చూశాడు. ఏం చెబుతాడోనని అందరం చూస్తున్నాం. అతను ఆగమంటే చాలు, ఆ ముసలి మొండివాళ్ళు మరో పదేళ్ళు అటు రారు. మరో పదేళ్ళు అతని గొడ్డలికి పనుంటుంది.

తౌనో టోపీ పెట్టుకుని అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"రండి" అని కేకేశాడు. "ఇక్కడ నాకు పని లేదు."

వాళ్ళు ఒక్కొక్కరే తలలు వంచుకుని, ఆ బోడి కప్పు కిందికి నడిచి వచ్చారు.