పదకొండు నిమిషాలు చూసిన బొమ్మ

ఆఫీసులో అందరూ ఆమెను గ్రంథాలక్క అనేవారు. ఫ్యాక్టరీలకు పంపులు తయారుచేసి అమ్మే ఆ కంపెనీలో పదిహేడేళ్లుగా ఆమె పని ఒక్కటే. సేల్స్ ఇంజనీర్లు చిత్తుకాగితాల మీద రాసుకొచ్చిన కొలతల్ని నూట ఇరవై పేజీల ప్రతిపాదనగా మార్చి కస్టమరుకు పంపడం. ఆ పేజీల్లో ఒక్క కామా తప్పు దొరికినా ఆమెకు ఆ పూట అన్నం సయించేది కాదు.

ఆ ఏడు ఒక పెద్ద ఆర్డరు చేజారింది. "మీ పుస్తకం చదవడం పూర్తయ్యేలోగా పక్క కంపెనీవాళ్లు పంపు బిగించేసి వెళ్లారు" అన్నాడట ఆ కస్టమరు. మేనేజరు మర్నాడే ఆమెను పిలిచాడు.

"మేడమ్, ఇక పీడీఎఫ్‌లు చాలు. లింకు పంపితే కస్టమరు ఫోన్లోనే తెరిచి, నీళ్లెన్ని కావాలో తనే మార్చి చూసుకుని, అనుమానముంటే అక్కడే అడగాలి. అలాంటి సాఫ్ట్‌వేర్ ఒకటి మీరే ఎంచండి. పదిహేను రోజులు టైము."

"నేనా సార్?"

"రాసేది మీరేగా!"

వడపోయగా మూడు మిగిలాయి. మొదటిదాంట్లో పంపు బొమ్మ గిరగిరా తిరుగుతుంది, వెనక సంగీతం. సేల్స్ కుర్రాళ్లు దాన్ని చూసి వెర్రెత్తిపోయారు. రెండోదాంట్లో లేని లెక్క లేదు. చీఫ్ డిజైనరు అదే కావాలని భీష్మించాడు. మూడోది సాదాసీదాగా ఉంది, దాని పక్షాన మాట్లాడే దిక్కు లేదు. తలా ఒక మాట చెబుతుంటే ఆమె కాలుగాలిన పిల్లిలా ఈ బల్లకూ ఆ బల్లకూ తిరిగింది. ఇంట్లో కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

స్కూలు బస్సు నడిపే భర్త ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. "నువ్వు ఎంచుతున్నది సాఫ్ట్‌వేరా, అల్లుడినా?"

"అల్లుడైతే మొహమాటానికైనా భరిస్తాం. దీన్ని రోజూ నలభైమంది వాడాలి. కుదరకపోతే తిట్లన్నీ నాకే!"

మూడోదాంట్లో ఒక సదుపాయం ఉంది. కస్టమరు ఏ పేజీ ఎంతసేపు చూశాడో అది చెబుతుంది. ఆమె ఒక కాగితం మిల్లు కోసం రాసిన తాజా ప్రతిపాదనను అందులో ఎక్కించి, అక్కడ తనకు తెలిసిన ఫోర్‌మన్‌కు, "పరీక్ష కోసం పంపుతున్నా, మీరు చూసేదంతా ఇక్కడ లెక్క తేలుతుంది, ఫర్వాలేదా?" అని అడిగి మరీ పంపింది. సాయంత్రానికి లెక్క వచ్చింది. కంపెనీ పరిచయం: నాలుగు సెకన్లు. ఆమె ప్రాణం పెట్టి రాసిన నిర్వహణ అధ్యాయం: సున్నా. ఒక్క డ్రాయింగు మాత్రం పదకొండు నిమిషాలు.

పదిహేడేళ్లు గోడకు చెప్పుకున్నట్టయింది ఆమెకు. 'డ్రాయింగైనా నచ్చిందిలే' అని సర్దిచెప్పుకోబోయింది కానీ మనసు కుదుటపడలేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే ఎక్కడికైనా పోవాలని. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లకుండా మిల్లు దారి బస్సెక్కేసింది.

పంపుల గదిలో హోరుకు ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. ఫోర్‌మన్ చేతుల నిండా గ్రీజు.

"డ్రాయింగు బాగుందా అన్నా? అంతసేపు చూశారు!" అని అరిచింది ఆమె.

"బాగుండటమేంటమ్మా, వెతికి వెతికి కళ్లు కాయలు కాశాయి! రిపేరుకు పంపు విప్పాలంటే పక్కన ఎంత ఖాళీ ఉండాలో అందులో ఎక్కడుంది?"

ఆమె మనసులోనే పేజీలన్నీ తిరగేసింది. అది ఎక్కడా లేదు. నూట ఇరవై పేజీల్లో లేదు.

ఆమె మూడు సాఫ్ట్‌వేర్లూ అతని ఫోన్లోనే తెరవమంది. మొదటిది ఆ గదిలో అందే అరకొర సిగ్నలుకు తెరుచుకోనే లేదు. "పైన పటారం లోన లొటారం" అన్నాడు అతను. రెండోదాంట్లో నీళ్లెక్కాల్సిన ఎత్తు పెంచితే, పెంచినంతా ఒప్పుకుంది. "ఈ మోటారు అంత ఎత్తుకు నీళ్లెక్కించదమ్మా, కిందనుంచి దండం పెడుతుంది!" మూడోది మాత్రం హద్దు దాటగానే ఆగి, ఇంజనీరును అడగమంది. డ్రాయింగు పక్కనున్న పెట్టెలో అతను ఒక్క వేలితో టైపు చేశాడు: 'విప్పడానికి ఎంత ఖాళీ కావాలి?'

ఆ ప్రశ్న ఆఫీసులో చీఫ్ డిజైనరుకు చేరి, ఆరు నిమిషాల్లో జవాబు వచ్చింది. అరవై సెంటీమీటర్లు. ఫోర్‌మన్ టేపు తీసి, కొత్త పంపు పెట్టాలనుకున్న చోటునుంచి గోడదాకా కొలిచాడు. నలభై ఎనిమిది.

"కొనుంటే గోడ పగలగొట్టాల్సొచ్చేది" అన్నాడు. ఆమె ఆ రెండు అంకెల్నీ చీటీ మీద రాసుకుంది.

మీటింగులో జరిగింది జరిగినట్టు చెప్పి మూడోదే కావాలంది. సేల్స్ కుర్రాళ్లు మొహాలు ముడుచుకున్నారు. చీఫ్ డిజైనరు మాత్రం టేపు కథ విని తన పట్టు వదిలేశాడు. మేనేజరుకు ఆ నిమిషాల లెక్క తెగ నచ్చింది.

"రోజూ ఆ రిపోర్టు నా బల్ల మీదకు రావాలి."

"రానివ్వండి సార్. కానీ మనం చూస్తున్నట్టు కస్టమరుకు మొదటి పేజీలోనే చెప్పాలి. ఆ లెక్క చూసి మనంతట మనం అర్థాలు తీయకూడదు. పదకొండు నిమిషాలు చూశాడంటే మెచ్చుకున్నాడనుకున్నాను నేను. అడిగితేగా తెలిసింది!"

మేనేజరు, "మొదటి పేజీలో వద్దు, చివర్లో పెట్టండి" అన్నాడు. ఆమె చాలాసేపు వాదించినా అతను అంతకుమించి దిగిరాలేదు.

తర్వాతి నెలంతా ఆమె నూట ఇరవై పేజీల్ని పద్నాలుగుకు కోసింది. కొన్ని పేరాలు తీసేసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసేసింది. సేల్స్‌వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ, "అక్కా, పాత పీడీఎఫ్ ఒకటి పడేయవా" అని చాటుగా అడుగుతారు. ఇవ్వదు. నెమ్మది మాత్రం చిక్కలేదు. ఒకప్పుడు ప్రతిపాదన పంపేస్తే చేతులు దులుపుకున్నట్టే. ఇప్పుడు పంపిన గంటలోనే ప్రశ్నలు మొదలవుతాయి. మొన్న ఒక ఆసుపత్రి ఇంజనీరు, 'రోగుల గది పక్కనే పెడతాం, ఎంత చప్పుడు చేస్తుంది?' అని అడిగాడు. అదీ ఏ పేజీలోనూ లేదు. ఆమె కంప్యూటరు అలాగే వదిలేసి, ఆడుతున్న పంపు పక్కన నిలబడి వినడానికి కింద వర్క్‌షాపులోకి దిగింది.