ఖాలా ఇంటికి నేను పెంచిన వయసు

ఈ సంగతి రాసిపెట్టక తప్పడం లేదు. మొన్న ఓరుగల్లు కోట, అదే మా ఖిలా వైపు వెళ్లినప్పుడు ఒక గైడు యాత్రికులను మా సందు మొదట్లో నిలబెట్టి, "ఇక్కడ కాకతీయుల నాటి ఇల్లు ఒకటి ఉండేదట" అని గంభీరంగా చెబుతుంటే విన్నాను. ఆ ఇంటికి అంత వయసు వేసింది ఏ చరిత్రకారుడో కాదు, నేనే. ఎవరైనా దాన్ని పుస్తకంలోకి ఎక్కించక ముందే నిజం చెప్పేయాలి.

ఆ రోజుల్లో నాకు ఇరవై ఏళ్లు. కాలేజీ చదువు ఇంటర్‌తో ఆగిపోయింది గానీ గ్రంథాలయంలో నా చదువు ఆగలేదు. పొద్దున తలుపులు తీసే వేళకు వెళ్లి కూర్చుంటే, మధ్యాహ్నం అటెండరన్న "నువ్వు లేస్తె నేను తాళమేస్త తమ్మీ" అనేదాకా కదిలేవాణ్ని కాదు. కోటలు, శాసనాలు, శిల్పాలు, ఏది దొరికితే అది చదివాను. (అర్థమైందా అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.) వాడలో అందరూ నన్ను 'లైబ్రరీ' అని పిలిచేవాళ్లు. అది వెక్కిరింపని తెలియక పొంగిపోయేవాణ్ని.

మా పక్కింట్లో బీడీలు చుట్టే ఖాలా ఒక్కతే ఉండేది. ఖాలా అంటే పిన్ని, వాడంతా ఆమెను అలాగే పిలిచేది. ఎండాకాలం గాలివానకు ఆమె ఇంటి పడమటి గోడ సగం కూలింది. ఇళ్ల మరమ్మతుకు లోన్లు ఇస్తున్నారని, ఎవరికివ్వాలో వార్డు సభలో తేలుస్తారని విని నా దగ్గరికి వచ్చింది. "జర మంచిగ రాయి బేటా. వానలు పడేలోపు గోడ లేవకుంటె మిగిలింది నా మీద పడ్తది" అంది.

మంచిగా రాయమంది కదా, మూడు పేజీలు రాశాను. మొదటి పేజీ నిండా కాకతీయుల వైభవం. రెండో పేజీలో ఆ గోడ పునాదిలో బయటపడ్డ చెక్కడపు రాయి గురించి పరిశోధన. 'ఈ గృహము ఓరుగల్లు ప్రాచీనతకు మౌనసాక్షి' అని రాసి, ఆ వాక్యాన్ని నాకు నేనే మూడుసార్లు చదువుకున్నాను. లోన్ మాట మూడో పేజీ అడుగున, చోటు చాలక చిన్న అక్షరాల్లో పడింది. చదివి వినిపిస్తే ఖాలా కళ్లు తుడుచుకుని, "నా ఇల్లు గింత గొప్పదా!" అంది.

అదే సభ ముందుకు ఖిలా చుట్టూ పర్యాటక అభివృద్ధికి నిధులు ఎక్కడ వాడాలన్న విషయం కూడా వచ్చింది. కాగితాలు సర్దే గుమాస్తా నా మొదటి రెండు పేజీలు చదివి, మూడోదాని దాకా పోకుండా దరఖాస్తును పర్యాటకం ఫైల్లో పెట్టేశాడు. (ఆయన్ని తప్పు పట్టను. నేనైనా అదే చేసేవాణ్ని.) సభ చప్పట్లు కొట్టి ఆమోదించింది. వారం తిరక్కుండా ఖాలా గుమ్మం ముందు బోర్డు పాతారు: 'పురాతన కట్టడం. ఎటువంటి మార్పులు చేయరాదు.' అంటే గోడ కట్టరాదన్నమాట.

ఖాలా కూలిన గోడకు అడ్డంగా టార్పాలిన్ కట్టుకుని లోపల బీడీలు చుట్టుకుంటుంటే, బయట జనం ఫోటోలు దిగేవాళ్లు. ఒకాయన లోపలికి తొంగిచూసి, "అప్పట్లో ఈ ఇంట్ల ఎవరుండేవాళ్లమ్మా?" అని అడిగాడు.

"నేనే ఉంటున్న. ఇంక సావలే" అంది ఖాలా.

మొదటి వానకు గోడ మరో రెండు మూరలు జారింది. ఆమె టార్పాలిన్‌ను ఇంకాస్త కిందికి గుంజి కట్టుకుంది. అదే భరించలేకపోయాను. తర్వాతి సభలో లేచి, ఆ ఇల్లు పాతది కాదని, అదంతా నా కల్పనని ఒప్పుకున్నాను. సభకొచ్చిన మున్సిపల్ ఇంజినీరు సారు కళ్లద్దాలు పైకి తోసుకుని, "పాతదని నువ్వే రాస్తివి. ఇప్పుడు కాదంటె ఆధారమేది?" అన్నాడు. పాతదనడానికి నా దగ్గర పుస్తకాలు బోలెడు. కొత్తదనడానికి ఒక్కటీ లేదు.

వెనక నుంచి మా అమ్మ లేచింది. "ఆ గోడకు మన్ను తొక్కింది నేను సారూ. పెండ్లయి కొత్తగొచ్చిన. వాడకట్టు ఆడోళ్లమంత కలిసి తొక్కినం. నన్ను సూస్తె కాకతీయుల కాలందాని లెక్క కనవడ్తున్ననా?"

సభ ఘొల్లుమంది. "మరి చెక్కడపు రాయి?" అన్నాడు సారు.

"అది మేం కారం నూరె సన్నెకల్లు. పలిగితె పునాదిల ఏసినం. గాట్లు కొట్టించింది గూడ నేనే."

(దాని మీద ఒక పేజీ పరిశోధన చేశానని ఇంతకుముందే మనవి చేశాను.)

అక్కడే కొత్త దరఖాస్తు అడిగారు. "ఈసారి నేను చెప్త, నువ్వు రాయి. ఒక్క ముక్క ఎక్వ రాసినవో సూడు" అని ఖాలా చెప్పింది: 'గోడ కూలింది. వాన వచ్చింది. కట్టుకుంట, లోన్ ఇయ్యండి.' ఆ పూటే మంజూరు చేశారు. పెద్ద వానలు అందుకునేలోపు గోడ లేచింది. ఇటుకలు మోసిన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు కాజీపేటలో నాకో జిరాక్స్ దుకాణం ఉంది. జనానికి దరఖాస్తులు రాసిస్తుంటాను. ఇల్లు కూలిందని ఎవరైనా వస్తే ముందు వెళ్లి ఆ ఇల్లు చూసి వస్తాను. ఆ ఇల్లు ఎప్పటిదని అమ్మనైనా ఒక్క మాట అడగాలని అప్పటి ఆ కుర్రాడికి ఎందుకు తట్టలేదో తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది.

నన్ను చదువుకోనిచ్చిన అటెండరన్నకు, బోర్డు పీకించిన ఇంజినీరు సారుకు, కొడుకు పరువు పోతుందని చూడకుండా లేచి నిలబడిన అమ్మకు నా కృతజ్ఞతలు. చివరగా బీడీల ఖాలాకు. గోడ పూర్తయిన రోజు మొదటి కప్పు చాయ్ నాకే ఇచ్చి, "నీ రాత మంచిగనే ఉండె బేటా. మోసెటందుకు నా గోడకే బలం చాలలే" అన్నందుకు.