పసుపు పూసిన తిమింగలం

2022 ఎండాకాలం. కడపలో మా డిఎన్ఏ ల్యాబు. మాకొచ్చేవన్నీ గొర్రెల రక్తం, ఎనుముల రక్తం. అట్లాంటి చోటికి శ్రీకాకుళం తీరం నుంచి తిమింగలం వచ్చిందంటే నమ్ముతారా? మొత్తం కాదులెండి. అరచేతిలో పట్టేంత తోలు, దాని కింద కొంచెం కొవ్వు.

కొన్నేళ్ళ కిందట అక్కడ నీలి తిమింగలం పిల్ల ఒకటి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. తల్లి జాడ లేదు. పోలయ్య అనే జాలరి ఊరినంతా పోగేసి, పడవలకు తాళ్ళు కట్టి దాన్ని మళ్ళీ సముద్రంలోకి పంపినాడు. పాలు మరవని పిల్ల, బతకదులే అని అందరూ తేల్చేసినారు. ఇప్పుడు అదే తీరంలో ఒక తిమింగలం వలలో చిక్కి, తెంపుకొని పోతూ తాడుకు ఈ తోలు వదిలిపోయింది. తిమింగలాల మీద పనిచేసే నా స్నేహితురాలి దగ్గర అప్పుడు ఆ పిల్ల నుంచి తీసిన డిఎన్ఏ వివరాలు ఉన్నాయి. ఇది అదేనా కాదా తేల్చే పని నాకు అప్పజెప్పింది. పోలయ్య నా నంబరు ఎట్లా సంపాదించినాడో గానీ, రోజూ ఫోనే. "ఏటమ్మా, నా పిల్ల బతికుందా?"

పార్సిల్ వచ్చిన ఆదివారం నేను ఒంటిమిట్టలో పెళ్ళికి పోయుంటి. మరుసటి పొద్దున ల్యాబుకు వస్తే మా అటెండరు సుబ్బరాయుడు ముఖమంతా నవ్వు.

"మేడమ్, సీసా మూత ఊడి స్పిరిట్టంతా కారిపోయిండాది. కూర చెడిపోతాదని ఉప్పు, పసుపు బాగా పట్టించి మిద్దె మీద ఎండేసినా. ఉప్పుకండ మాదిరి గట్టిపడింది సూడండి!"

నెత్తిన పిడుగు పడినట్టయింది. "అది కూర కాదప్పా! తిమింగలం తోలు!"

"తిమింగలమా? ఈడికి యాడనుంచి వచ్చె మేడమ్? నేను కాకులు రాకుండా పొద్దంతా కట్టె పట్టుకోని కూసుంటి గదా!"

తిట్టాలని నోరు తెరిచి, నవ్వాపుకోలేక తలుపేసుకున్నా. లోపల మాత్రం ఏడుపే. ఇంకో ముక్క యాడ తెచ్చేది? సముద్రంలోకి దిగి అడగాల్నా?

పిసిఆర్ అని, ఉన్న కాస్త డిఎన్ఏను లక్షల కాపీలుగా పెంచే పద్ధతి ఒకటుంది. పసుపు దానికి శత్రువు. మొదటిసారి ఏమీ రాలేదు. మళ్ళీ చేసినా, మళ్ళీ సున్నా. చివరికి పై పొరలన్నీ గీకి పారేసి, ఎండా పసుపూ తగలని లోపలి భాగం నుంచి కొంచెం తీసినా. ఉప్పు మాత్రం మేలే చేసింది, లోపల కుళ్ళలేదు. ఈ మాట సుబ్బరాయుడికి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే ఇంక ఆయన్ను పట్టుకోలేం.

ఈసారి పలికింది. డిఎన్ఏలో ఒకే చిన్న ముక్క పదే పదే వచ్చే చోట్లుంటాయి, మైక్రోశాటిలైట్లంటాం. ఎన్నిసార్లు వస్తుందనేది ఒక్కో జీవిలో ఒక్కో రకం. అవే మాకు వేలిముద్రలు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే అన్ని చోట్లా సరిపోయినాయి. నా వయసు మరిచి గంతేసినా.

వెంటనే పోలయ్యకు ఫోన్ చేసినా. "అన్నా, నీ పిల్లే! బతికే ఉండాది!"

అవతల ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీలేదు. కాసేపటికి అడిగినాడు. "ఆడదా, మగదా?"

"ఆడది."

"ఒరే, పిల్ల పుట్టింటికొచ్చిందిరా!" అని ఒడ్డునున్న వాళ్ళందరికీ వినబడేటట్టు కేకేసినాడు.

తిమింగలాలు తిరిగే నెలల్లో ఆ దారిలో వలలు వేయొద్దని అధికారులు ఎంత చెప్పినా అక్కడ ఎవరూ వినేవాళ్ళు కాదట. మరుసటి ఏడు ఒక్క వల కూడా కనబడలేదని నా స్నేహితురాలు ఆశ్చర్యపోయింది. ఆడా మగా అనేది మా రిపోర్టులో అట్టడుగున ఉండే మాట. దాన్ని మొదట చెప్పాలని నాకు నేర్పింది ఈ కేసే. వలల సంగతేందని పోలయ్యను అడిగితే నన్నే కసిరినాడు.

"ఆడపిల్ల పుట్టింటికొచ్చే దారిలో ఎవలైనా వలేత్తారేటమ్మా?"